దుప్పటి రెండో కొస

రైల్వే స్టేషన్,
పోయిన సామాన్ల గది నుంచి

మరదలు పిల్లకి,

ఫోన్ చేయొచ్చుగా, ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్‌లో నాకు సగం మాటలే వినపడతాయి, మిగతా సగం నేనే కల్పించుకుంటాను. పైగా మీ ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తేది మా తమ్ముడు. వాడు మొదలెడితే ఒక పట్టాన వదలడు. నీదాకా రానివ్వడు. నాకు పని నీతో.

చెత్త పోగెయ్యకుండా ఉన్నంతలో బతకడం గురించి ఆదివారం పేపర్లో వాడు రాసే 'తేలిక బతుకు' ఒక్కటీ వదలకుండా చదువుతున్నాను. బడిలో భూగోళం పాఠాలు చెప్పుకునే మాస్టారు ఊరూరా ఇంతమంది చేత చదివిస్తాడని ఎవరనుకున్నారు! గొడుగు పోయిందనో సంచి మరిచిపోయాననో నా కౌంటర్ దగ్గరకి వచ్చేవాళ్ళలో కూడా ఆ పేజీ చదివేవాళ్ళున్నారు. "ఆయన మా తమ్ముడే" అంటే చాలు, నన్ను చూసే చూపు మారిపోతుంది.

ఇక అసలు సంగతి. మేమూ అలా బతుకుదామనుకుంటున్నాం. మేము అంటే నేను. మీ అన్నయ్యగారు రిటైరైన దగ్గర్నుంచి కుర్చీకి అతుక్కుపోయారు. ఇన్నేళ్ళూ లిఫ్టులు బాగుచేసిన మనిషి, ఇప్పుడు తానే కింది అంతస్తులో ఆగిపోయిన లిఫ్టులా ఉన్నారు. "నీ ఇష్టం, నన్ను మాత్రం కదపకు" అన్నారు.

ఎందుకీ వయసులో అంటావా? ఈ గదిలో రోజూ చూసేదే కారణం. గొడుగులు, ప్లాస్టిక్ సీసాలు, ఒక్క వానకి వేసుకుని వదిలేసిన కోట్లు గుట్టగా పడుంటాయి. చాలావాటి కోసం ఎవరూ రారు. పోయిందన్న సంగతే వాళ్ళకి తెలియదు. గడువు దాటగానే లారీ వచ్చి చెత్తకుప్పకి ఎత్తుకుపోతుంది. ఆ లారీ వెనక తలుపు మూయించి సంతకం పెట్టేది నేను. పెట్టిన ప్రతిసారీ ఆ పూట అన్నం సయించదు.

తమ్ముడు రాసింది చదివితే అంతా మంచినీళ్ళు తాగినంత సులువు. కానీ ఏది ఎందులో వెయ్యాలో, ఎలా మొదలెట్టాలో వాడు రాయడు. ఇలాంటివి మనం మనం మాట్లాడుకుంటేనే తెగుతాయి. తొక్కలు ఎరువయ్యే డబ్బా ఎలా పెట్టాలి? ఉతికే మిషను ఎవరికో ఇచ్చేశారటగా, బట్టల సంగతేమిటి? కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం చేసుకుంటూ నువ్వు ఇవన్నీ నెట్టుకొస్తున్నావంటే నాకూ చేతకాకపోదు.

చిన్నదానికి ముద్దులు. ఊపిరి సులువుగా ఆడుతోందా?

వదిన



వంటింటి బల్ల దగ్గర నుంచి

వదినకి,

మీ ఉత్తరం చూసి నవ్వుకున్నాను. అన్నయ్యగారి మీద ఆ లిఫ్టు మాట ఆయనకి చదివి వినిపించారా?

అడిగినవన్నీ రాస్తాను. మూత ఉన్న బకెట్ తీసుకుని అడుగున చిల్లులు పెట్టించండి. కూరగాయల తొక్కలు అలాగే వేసెయ్యకండి, చిన్న ముక్కలుగా తరగాలి. ప్రతి పొర మీదా ఎండుటాకులు, లేకపోతే చింపిన కాగితం. మరీ తడైతే కంపు కొడుతుంది, మరీ పొడైతే ఎన్నాళ్ళున్నా కదలదు. మధ్య మధ్య కలియబెట్టాలి. పురుగులు కనిపిస్తే భయపడకండి, అవి పని చేస్తున్నట్టు లెక్క.

బట్టలు సాయంత్రం చాకలి సోడా కలిపిన నీళ్ళలో నానబెడతాను. పొద్దున చిన్నది లేవకముందే ఉతికి, జాడించి, పిండి ఆరేస్తాను. ఆ జాడించిన నీళ్ళు పారబోయను, బాత్రూమ్ కడగడానికి పనికొస్తాయి. గిన్నెలకి నిమ్మతొక్కలు నానేసిన నీళ్ళు. వంటింట్లో తుడవడానికి పాత చొక్కాలు చింపి గుడ్డలు చేశాను. వాటిని మళ్ళీ విడిగా మరిగించి ఉతకాలి. కొట్టు రొట్టె ప్లాస్టిక్ కవర్లో వస్తుంది కాబట్టి ఇంట్లోనే కాలుస్తాను. పప్పు, పిండి లాంటివి మన డబ్బాలు పట్టుకెళ్తే నింపి ఇచ్చే కొట్టు ఒకటుంది. బస్సు దిగి కాస్త దూరం నడవాలి. గాజు డబ్బాలు కదా, వచ్చేటప్పుడు చేతులు లాగుతాయి.

రాస్తుంటే చాంతాడంత అయింది గానీ అలవాటైపోతుంది వదినా. మీ తమ్ముడు రాసినట్టు నిజంగా సులువే.

చిన్నది బాగానే ఉంది. ఆ ఏడు ఊరి మీద పొగ కమ్మినప్పుడు అది ఊపిరందక ఎగపోస్తుంటే, మీ తమ్ముడు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే. మా ఇంట్లో ఇవన్నీ మొదలైంది ఆ తర్వాతే. అది గుర్తొస్తే బకెట్ ఎత్తడానికి బద్ధకం అనిపించదు.

మరిచిపోయాను. చేతులకి నూనె రాసుకుంటూ ఉండండి. సోడా చర్మాన్ని తినేస్తుంది.

మీ మరదలు



మా బాల్కనీ నుంచి,
ముక్కు మూసుకుని

మరదలు పిల్లకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. అయితే ఎండుటాకులు తక్కువయ్యాయి. ఇంటినిండా చిన్న చిన్న ఈగలు. మీ అన్నయ్యగారు టీ కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తాగుతున్నారు. "భూమి బాగుపడేలోపల మనం ఇల్లు ఖాళీ చెయ్యాలేమో" అన్నారు. తర్వాత మాత్రం ఆయనే లేచి పాత పేపర్లు చింపి డబ్బాలో వేశారు. (వాటిలో తమ్ముడి ఆదివారం పేజీ కూడా ఉందని తర్వాత చూశాను. వాడికి చెప్పకు.)

చొక్కా గుడ్డలు బాగున్నాయి. నిమ్మతొక్కల నీళ్ళు కూడా బాగున్నాయి. దగ్గర దూరాలకి బస్సెక్కడం మానేసి నడుస్తున్నాను, మోకాళ్ళు నన్ను తిట్టుకుంటున్నాయి గానీ బాగానే ఉంది. బట్టల దగ్గర మాత్రం నా తల ప్రాణం తోకకొచ్చింది.

మిషను మీద గుడ్డ కప్పేసి, ఆదివారం టబ్బు ముందు కూర్చున్నాను. చిన్న బట్టలు సరే. దుప్పటి నీళ్ళలో మునిగాక అది దుప్పటి కాదమ్మా, ఈత రాని మనిషి. నేను లాగితే నన్నే లాగుతోంది. చివరికి ఆయన్ని కుర్చీలోంచి పీకాను. ఒక కొస ఆయన, ఒక కొస నేను. "తిప్పండి" అంటే ఆయన తిప్పారు, నేనూ తిప్పాను, ఇద్దరం ఒకే వైపు తిప్పుతున్నాం! ఎంత తిప్పినా చుక్క రాలదు. ఆ సంగతి తెలిసి ఇద్దరం నేల మీద కూర్చుని నవ్వాం. చాలా రోజులైంది అలా నవ్వి. మర్నాడు కౌంటర్ దగ్గర నా చెయ్యి పైకి లేవలేదు. పై అరలోంచి ఎవరిదో సంచి తియ్యాల్సి వస్తే వాళ్ళనే తీసుకోమన్నాను.

అప్పుడు నాకో అనుమానం వచ్చింది. నీకు దుప్పటి రెండో కొస ఎవరు పట్టుకుంటారు?

వదిన



వంటింటి నుంచి

వదినకి,

కుళాయి ఉంది కదా. ఒక కొస కుళాయికి చుట్టేసి రెండో కొస నేను తిప్పుతాను. ఇబ్బందేమీ లేదు.

ఈగలకి తొక్కల మీద మట్టి ఒక పొర చల్లండి, తగ్గుతాయి.

ఇక్కడ హడావుడిగా ఉంది. ఏదో పత్రికవాళ్ళు మా వంటిల్లు ఫోటోలు తీస్తారట. మీ తమ్ముడు సంతోషంగా ఉన్నారు. డబ్బాలన్నీ తోమి వరసగా పెట్టాలి. దుకాణంలో అంతా మామూలే. పెద్దగా రాయడానికేమీ లేదు.

అన్నయ్యగారిని అడిగానని చెప్పండి.

మీ మరదలు



స్టేషన్ నుంచి

మరదలికి,

దుకాణంలో అంతా మామూలే అని రాశావు. ఈ ఆదివారం పేపర్లో మా తమ్ముడేం రాశాడో నువ్వు చూశావో లేదో. "నా భార్య కూడా త్వరలో తన పరుగుల ఉద్యోగం వదిలి తేలిక బతుకులోకి పూర్తిగా అడుగుపెడుతోంది" అని రాశాడు. మీ ఇంటి సంగతి ఊరందరితోపాటు నేనూ పేపర్లో చదివి తెలుసుకోవాల్సి వచ్చింది.

నాకు కోపం వచ్చింది. ఇప్పుడు కూడా కోపంగానే రాస్తున్నాను.

ఆ పని నేర్చుకోవడానికి నువ్వు పడ్డ పాట్లు నాకు తెలుసు. కడుపుతో ఉండి, వాంతులు చేసుకుంటూ బస్సెక్కి వెళ్ళి నేర్చుకున్నావు. అద్దం అరగదీసేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నేను ఒకసారి దుకాణానికి వచ్చినప్పుడు చూశాను. పిలిచినా పలకలేదు నువ్వు. నా ముక్కు మీదున్న కళ్ళజోడు నువ్వు చేసిందే. వాడి రాత చదివింది దాంతోనే.

నీకు ఇష్టమై మానేస్తుంటే నేను నోరు మూసుకుంటాను. ఇష్టమేనా కాదా, ఒక్క ముక్కలో రాయి. కుళాయి కథలు వద్దు.

వదిన



దుకాణం వెనక గది,
అద్దాలు అరగదీసే మిషను పక్క నుంచి

వదినకి,

ఇష్టం లేదు.

ఒక్క ముక్కే అడిగారు గానీ మిగతాది కూడా రాసేస్తాను. ఇంట్లో రాస్తే మధ్యలో లేవాల్సి వస్తుందని ఇక్కడ కూర్చున్నాను. ముసలాయన, అదే దుకాణం యజమాని, భోజనానికి వెళ్ళారు.

నా చేతులు పాడయ్యాయి వదినా. వేళ్ళ కొసలన్నీ పగిలాయి. ఎంత నూనె రాసినా పొద్దున్నే మళ్ళీ సోడా నీళ్ళలో పెట్టాలి కదా. ఫ్రేము లేని కళ్ళజోడుకి మర బిగించడమంటే ఆవగింజని పట్టుకుని తిప్పినట్టుంటుంది. ఆమధ్య ఒక టీచరమ్మ తన జోడు కోసం ఎదురుగా కూర్చుని ఉంది. నేను మర బిగిస్తుంటే పగిలిన వేలు కలుక్కుమని పట్టు జారి అద్దం అంచు పెచ్చు లేచింది. చూసుకుంటే అద్దం మీద నెత్తురు మరక. ఆవిడ కోప్పడలేదు. "మీ చేతికేమైందమ్మా?" అని మాత్రం అడిగింది. ఆ రోజు సాయంత్రం ముసలాయన మెల్లగా, "చేతులు మానేదాకా అద్దాల బల్ల మీద పని వద్దమ్మా, ముందు వైపు కౌంటర్ చూసుకో" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి మీ తమ్ముడికి చెప్పాను, ఒళ్ళు హూనమైపోతోందని. ఆయన రాస్తున్న కలం పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

"చాలా అలిసిపోయావు" అన్నారు.

"అవునండీ" అన్నాను.

"అయితే దుకాణం మానెయ్. ఆ బస్సులు, ఆ నిలబడటం, అదంతా ఎవరి కోసం? మనకి ఉన్నది చాలు. హాయిగా ఇంట్లో ఉండి ఈ పనులన్నీ ప్రశాంతంగా చేసుకోవచ్చు."

ప్రశాంతంగా అన్న మాటకి నాకు నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేక ఊరుకున్నాను. నేను ఊరుకోవడం ఆయనకి ఒప్పుకోవడంలా వినపడింది. నిజం చెప్పాలంటే ఆ పూట నాకు కూడా అలాగే వినపడింది. ఎలాగూ బల్ల దగ్గర కూర్చోనివ్వడం లేదు కదా అనుకుని, మర్నాడు ముసలాయనతో నెలాఖరు దాకానే వస్తానని చెప్పేశాను.

ఫోటోలవాళ్ళు వచ్చిన రోజు సంగతి కూడా వినండి. ఆయన్ని తొక్కల డబ్బా పక్కన నిలబెట్టారు. ఫోటో తీసే అమ్మాయి చనువుగా, "మాస్టారూ, మూత తీసి చెయ్యి లోపల పెట్టండి, కలియబెడుతున్నట్టు" అంది. ఆయన మూత పట్టుకుని లాగారు. రాలేదు. అది తిప్పితే వచ్చే మూత. ఆయన నా వైపు చూశారు. నేను వెళ్ళి తిప్పాను. "ఇది ఎరువవడానికి ఎన్నాళ్ళు పడుతుంది సార్?" అని ఆ అమ్మాయి అడిగింది. ఆయన మళ్ళీ నా వైపు చూశారు. నేను చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుంది. "మేడమ్, మీరు కొంచెం పక్కకి జరుగుతారా, నీడ పడుతోంది" అంది. జరిగాను.

ఆయన చెడ్డవారు కాదు వదినా. చెడ్డవారైతే ఈపాటికి పోట్లాడి ఉండేదాన్ని. ఆయన నమ్మిందే రాస్తారు. బల్బు అనవసరంగా వెలుగుతుంటే ఆయనకి నిజంగా బాధ. నాకూ ఇవన్నీ ఇష్టమే. నల్లగా అయిపోయిన ఎరువు చేతిలోకి తీసుకుంటే వానపడ్డ నేల వాసన వస్తుంది, అది నాకెంత బాగుంటుందో చెప్పలేను. చిరిగింది కుట్టుకోవడం ఇష్టం. కానీ అన్నీ కలిసి నా మీద పడ్డాయి. ఒకటి తగ్గిద్దామని నోరు తెరుస్తాను. తెరవగానే చిన్నది ఎగపోసిన ఆ రోజు కళ్ళ ముందుకొస్తుంది. నా ఒళ్ళు నొప్పి కోసం పిల్ల ఊపిరికి అడ్డం పడుతున్నానేమో అనిపిస్తుంది. నోరు మూసేస్తాను.

మీ తమ్ముడికి మీరేమీ చెప్పకండి. మీరు చెప్తే నేను మీ చేత చెప్పించినట్టవుతుంది.

ముసలాయన వస్తున్నారు.

మీ మరదలు



మా ఇంటి నుంచి

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్యగారికి ఇచ్చాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఆ పిల్ల చేతులకి ముందు డాక్టరుకి చూపించమను" అన్నారు. కాబట్టి ముందు అది.

వాడికి నేనేమీ చెప్పను. నువ్వు అడిగావు కాబట్టి చెప్పను. లేకపోతే ఈపాటికి మొదటి రైలెక్కి వచ్చి మీ గుమ్మంలో నిలబడేదాన్ని. కానీ పిల్లా, నువ్వు చెప్పాలి. ఊరుకుంటే వాడికి ఒప్పుకున్నట్టు వినపడుతుందని నువ్వే రాశావు.

మా ఇంట్లో ఏం చేశామో చెప్తాను. కొన్ని ఉంచుకున్నాం, కొన్ని వదిలేశాం. తొక్కల డబ్బా ఉంది, ఈగలు పోయాయి. గుడ్డ సంచులు, నడక, చొక్కా గుడ్డలు ఉన్నాయి. మిషను మీద కప్పిన గుడ్డ మాత్రం తీసి పారేశాను. నిండా నింపి, చన్నీళ్ళతో, వారానికోసారి తిప్పుతున్నాం. ఎండలో ఆరేస్తున్నాం. దానివల్ల పాపమేదైనా ఉంటే నాకే తగలనీ. నా చెయ్యి పైకి లేస్తోంది, అది చాలు.

ఇంకో సంగతి. గడువు దాటిన గొడుగులు లారీ ఎక్కించకుండా ఇంటికి తీసుకెళ్తానని స్టేషన్ మాస్టారిని అడిగితే సరేనన్నారు. మీ అన్నయ్యగారు పుల్లలు సరిచేసి, గుడ్డ కుట్టి బాగుచేస్తున్నారు. బాగైనవి నా కౌంటర్ దగ్గర పెడితే వానలో చిక్కుకున్నవాళ్ళు పట్టుకెళ్తున్నారు. తిరిగి తెచ్చిచ్చేవాళ్ళూ ఉన్నారు, నువ్వు నమ్మవు. ఆయన కుర్చీలోంచి లేచారు. మా ఇంట్లో ఇద్దరం చేస్తున్నాం కాబట్టి సాగుతోంది. అంతకుమించి నాకు తెలిసిన కిటుకేమీ లేదు.

చిన్నదాని ఊపిరికి అడ్డం పొగ. నీ ఉద్యోగం కాదు, నీ ఒళ్ళు నొప్పి కాదు. భూమి భారమంతా నీ ఒక్కదాని వీపు మీద పెట్టిందెవరు? నాకు తెలిసి ఎవరూ పెట్టలేదు. పెట్టినట్టు ఎవరికీ తెలియలేదు కూడా. అందుకే చెప్పాలి.

వదిన



వంటింటి నుంచి

వదినకి,

చెప్పాను.

ఆదివారం పొద్దున ఆయన బల్ల దగ్గర వచ్చే వారం వ్యాసం రాసుకుంటున్నారు. బట్టలు టబ్బులో నానుతున్నాయి. నేను టబ్బు దగ్గరకి వెళ్ళబోయి, వెళ్ళకుండా వచ్చి ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. ఆ వేళప్పుడు నేను కూర్చోవడం ఆయన చూసి ఉండరు. "ఏమిటి, ఒంట్లో బాగాలేదా?" అన్నారు.

"నేను దుకాణం మాననండీ" అన్నాను.

"అందరికీ తెలిసేలా రాసేశాను కదా!"

"మీరు రాశారు. నేను చెప్పలేదు."

ఆయన కలం మూత పెట్టారు. "మరి అలసట అన్నావు?"

"అలసట దుకాణంలో కాదండీ. ఆ టబ్బు దగ్గర. ఆ గాజు డబ్బాల దగ్గర. పొయ్యి దగ్గర. దుకాణానికి వెళ్తే కాస్త కూర్చుంటాను."

"ఇన్నాళ్ళూ ఒక్కమాట చెప్పలేదేం?"

"అడిగితే చెప్పేదాన్ని."

అప్పుడాయన మొహం పాలిపోయింది. గొంతు తగ్గించి, "అయితే నేను రాసేదంతా అబద్ధమా?" అన్నారు. నాకు చాలా జాలేసింది వదినా. ఆయన నిజంగా భయపడి అడిగారు.

"అబద్ధం కాదండీ. మీరు రాసినవన్నీ ఈ ఇంట్లో జరుగుతున్నాయి. ఎవరు చేస్తున్నారో మాత్రం రాయలేదు" అన్నాను. చేతులు బల్ల మీద పెట్టి చూపించాను. రోజూ చూసే చేతులే. ఆయన ముట్టుకోబోయి, నొప్పి పుడుతుందనుకున్నారేమో, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు. పోట్లాట వినపడిందేమో, చిన్నది వచ్చి నా పక్కన కూర్చుంది. "నాన్న మళ్ళీ వస్తారా?" అంది. "రాక ఎక్కడికెళ్తారు, కలం ఇక్కడే ఉంది" అన్నాను. నవ్వింది గానీ నా చెయ్యి వదల్లేదు.

ఎండెక్కాక వచ్చారు. నేరుగా వెళ్ళి టబ్బు ముందు కూర్చున్నారు. చేతి గడియారం తియ్యలేదు, అది నీళ్ళలో మునిగి ఆగిపోయింది. తెల్ల చొక్కాలు, చిన్నదాని ఎర్ర గౌను కలిపి ఉతికారు. ఆయన బడి చొక్కాలన్నీ ఇప్పుడు లేత గులాబీ రంగులో ఉన్నాయి. నాకు నవ్వు రాలేదు. ఆయన వీపు చూస్తూ నిలబడ్డాను. మనిషి అలవాటు లేని పని చేస్తుంటే వీపు ఎలా ఉంటుందో తెలుసా, చలేసిన పిల్లాడిలా ముడుచుకుని ఉంటుంది. సాయం చేద్దామని అడుగు వేసి, భూమి భారం గురించి మీరు రాసిన మాట గుర్తొచ్చి ఆగిపోయాను.

అన్నీ చక్కబడ్డాయని అనుకోకండి. ఆ తర్వాత రెండు రోజులు మా మధ్య మాటల్లేవు. ఉప్పు కావాలన్నా చిన్నదాని చేతే అడిగించుకున్నాం.

దుకాణంలో కూడా ఆలస్యమైపోయింది. మాననని చెప్తే ముసలాయన తల పట్టుకున్నారు. "నువ్వు వెళ్తున్నావని ఇంకో అమ్మాయికి మాటిచ్చేశానమ్మా. వచ్చి చేరింది కూడా. ఇప్పుడు ఆ పిల్లని ఎలా పొమ్మంటాను?" అన్నారు. పొమ్మనమని నేనూ అనలేను. పూట పని ఉంటే ఇస్తానన్నారు. కంటి పరీక్ష నేను చేస్తాను, బల్ల ఆ అమ్మాయిది. నా కుర్చీలో ఆ అమ్మాయి కూర్చుని, నా పటకారు పట్టుకుని, "అక్కా, ఇది ఇలాగేనా?" అని అడుగుతోంది. ఇలా కాదమ్మా, ఇలా అని చూపిస్తున్నాను. నేర్చుకుంటుంది. చురుకైన పిల్ల.

ఈ ఉత్తరం ఇక్కడితో ఆపుతాను.

మీ మరదలు



స్టేషన్ నుంచి

మరదలు పిల్లకి,

నీ బల్ల గురించి చదివాను. పోనీలే అని రాయను. పోయింది చిన్నదేమీ కాదు.

తమ్ముడు నిన్న ఫోన్ చేశాడు. నువ్వు దుకాణంలో ఉన్న వేళ చూసి చేసినట్టున్నాడు. బాగున్నావా అక్కా, బాగున్నాను అయ్యాక, "అక్కా, తువ్వాలు తడిస్తే ఎందుకంత బరువుంటుంది?" అన్నాడు. నాకు సరిగ్గా వినపడలేదనుకుని మళ్ళీ అడిగించుకున్నాను. అదే మాట. "నీళ్ళు తాగుతుంది కదరా" అన్నాను. "ఇన్నాళ్ళూ తనే ఎత్తిందా?" అన్నాడు.

ఊఁ అన్నాను. ఇంకా చాలా అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. నీకిచ్చిన మాట కోసం కొరుక్కున్నాను. ఇంతలో వాడు గిన్నెలు పొయ్యి మీద ఉన్నాయని పెట్టేశాడు.

చేతులు డాక్టరుకి చూపించావా? మీ అన్నయ్యగారు రోజూ అడుగుతున్నారు.

వదిన



మా ముందు గది నుంచి,
మంచం మీద కూర్చుని

వదినకి,

రాయడం ఆలస్యమైంది. పని వల్ల కాదు, నిద్ర వల్ల. ఈ మధ్య ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రొస్తోంది. ఇన్నేళ్ళ బాకీ అంతా ఒకేసారి తీర్చుకుంటోంది ఒళ్ళు. డాక్టరమ్మ మందు రాసిచ్చింది, నీళ్ళలో చెయ్యి పెట్టొద్దంది. వేళ్ళు మానుతున్నాయి.

'తేలిక బతుకు' కొన్ని వారాలుగా రాలేదని మీరు చూసే ఉంటారు. పేపరాయన ఫోన్ చేసి, "మాస్టారూ, ఏమైంది, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. "బాగానే ఉంది సార్, రాయడానికి తీరిక దొరకడం లేదు" అన్నారు మీ తమ్ముడు. హాస్యానికి అనలేదు. నిజంగానే దొరకడం లేదు.

దుప్పట్లు, తువ్వాళ్ళు ఇప్పుడు కింది అంతస్తు వాళ్ళ మిషనులో వేస్తున్నాం. మూడిళ్ళ వాళ్ళం కలిసి ఒకటే వాడుకుందామని మాట్లాడుకున్నాం, నిండితేనే తిప్పుతాం. వాళ్ళు తమ తొక్కలు మా డబ్బాలో వేస్తున్నారు. చిన్న బట్టలు ఆయన చేత్తోనే ఉతుకుతానన్నారు, పట్టుదల. రొట్టె కాల్చడం మానేశాను. వీధి చివర రొట్టెల కొట్టాయనకి మన గుడ్డ ఇస్తే అందులోనే చుట్టి ఇస్తున్నాడు. ముందే ఎందుకు అడగలేదో తెలియదు. డబ్బాల కొట్టుకి తండ్రీ కూతుళ్ళు వెళ్తున్నారు. మొన్న ఒకటి పగలగొట్టుకొచ్చారు. పగిలింది ఏ డబ్బాయో నాకు చెప్పొద్దని ఆయన చిన్నదాన్ని బతిమాలడం విన్నాను.

ఆఖరికి ఒక వ్యాసం రాశారు. పేపరుకి పంపేముందు నాకు ఇచ్చి, చదివేంతసేపూ గుమ్మంలో నిలబడ్డారు. ఇన్నేళ్ళలో ముందు నాకివ్వడం ఇదే. ఇల్లు ఎలా నడుస్తోందో, ఇన్నాళ్ళూ ఎవరు నడిపారో రాశారు. మంచిగానే రాశారు. ఒకచోట మాత్రం నా గురించి 'త్యాగం' అన్నారు. కలం అడిగి తీసుకుని ఆ మాట కొట్టేసి, 'చాకిరీ' అని రాసిచ్చాను. ఆయన చూసి, ఏదో అనబోయి, సరేనన్నారు. వేస్తారో లేదో తెలియదు. ఆదివారం పూట ఇలాంటివి ఎవరు చదువుతారని పేపరాయన గొణిగాడట.

నా బల్ల నాకు రాలేదు. ఆ అమ్మాయి ఫ్రేము లేనివి కూడా బిగిస్తోంది ఇప్పుడు. నా అంత నున్నగా రావడం లేదు, ముసలాయన కూడా అదే అన్నారు. ఆ మాట విని సంతోషపడ్డాను, దాచడమెందుకు. ఇంకో దుకాణంలో అడిగి చూడనా అని మీ తమ్ముడితో అన్నాను. అడుగు, సాయంత్రాలు నేను చూసుకుంటాను అన్నారు. చూసుకుంటారా అనేది చూడాలి. చేతులు మానాక అడుగుతాను.

ఇవాళ మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే ఆయన ఇంకా బట్టలు ఆరేస్తున్నారు. ఒక్క చొక్కా కూడా దులపకుండా, ముడతలు ముడతలుగానే తీగ మీద పడేస్తున్నారు. మేజోళ్ళు జత ఒకచోట లేవు. క్లిప్పులన్నీ ఒక పక్కకే పెట్టారు, గాలొస్తే రెండో పక్క పైకి లేస్తోంది. లేచి వెళ్ళి సరిచేద్దామనుకున్నాను. కాళ్ళు మంచం దిగాయి కూడా. మళ్ళీ పైకి పెట్టుకుని పడుకున్నాను. నిద్ర పట్టేసింది.

మీ మరదలు